4032 వేయాలా, 2618 వేయాలా: ఎస్టీమ్ ఇంజన్‌కి పిస్టన్లు ఎంచుకున్న డైరీ

ఏప్రిల్ మొదటి వారం

ఇంజన్ విప్పేశాం. మారుతి ఎస్టీమ్, 16 వాల్వుల 1.3 లీటర్ల పెట్రోల్ ఇంజన్. బోరు (సిలిండర్ వెడల్పు) 74 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75.5 మి.మీ., మొత్తం 1298 సీసీ. కొత్తలో 85 హార్స్ పవర్ ఇచ్చేది. బ్లాకు అల్యూమినియం, లోపల పిస్టన్ జారే పోత ఇనుము గొట్టాలు, అంటే లైనర్లు.

సెకండ్‌హ్యాండ్‌లో కొన్నప్పుడే మూడో సిలిండర్ చెడిపోయి ఉందని తెలుసు. ఎందుకు చెడిందో ఇప్పుడు కళ్లారా చూశాం. పిస్టన్ చుట్టూ ఉండే రింగుల్లో మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఉండే గట్టు విరిగిపోయింది. ఆ ముక్క లైనర్‌ని పైనుంచి కిందిదాకా గీసేసింది. పిస్టన్ తల అంచు చుట్టూ సన్నసన్నని గుంటలు పడ్డాయి. అది డిటోనేషన్ గుర్తు. స్పార్క్ వేసిన మంట చేరకముందే మూలల్లో మిగిలిన పెట్రోల్ గాలి మిశ్రమం ఒక్కసారిగా పేలిపోతుంది. సుత్తి దెబ్బలాంటి ఆ అదురుని మామూలు పోత పిస్టన్ ఎక్కువసేపు ఓర్చుకోలేదు. సాగదు, వంగదు, విరుగుతుంది. విరిగేది కూడా ఎక్కువగా ఆ గట్టు దగ్గరే.

మనకి కావలసింది ఏమిటో ముందే రాసుకుంటున్నాను. టర్బో లేదు, నైట్రస్ లేదు. 7,500 ఆర్‌పీఎం దాకా నమ్మకంగా తిరగాలి. కంప్రెషన్ 10.5 చేయాలి, 95 ఆక్టేన్ పెట్రోల్ పోస్తాం. ఏడాదికి కొన్ని సార్లు చెన్నై దగ్గర మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కి తీసుకెళ్లాలి. మిగతా రోజుల్లో విజయనగరం నుంచి వైజాగ్‌కి ఆనందపురం మీదుగా మామూలు కారులా పోవాలి, రావాలి. పిస్టన్ లోహం ఏదన్న ప్రశ్నకి (4032, 2618 అనేవి పిస్టన్లకి వాడే రెండు అల్యూమినియం మిశ్రమాల నంబర్లు) జవాబు ఈ చివరి వాక్యంలో సగం ఉందని నా నమ్మకం. బలమైన లోహం ఏదని అడిగితే ఎక్కడికీ తేలదు. ఈ ఇంజన్‌ని రోజూ ఎలా వాడతామని అడగాలి.

ఏప్రిల్ మూడో వారం: కాగితం మీద లెక్కలు

7,500 ఆర్‌పీఎం అంటే సెకనుకు 125 చుట్లు. ప్రతి చుట్టులో పిస్టన్ రెండుసార్లు పూర్తిగా ఆగి, మళ్లీ వెనక్కి బయల్దేరుతుంది. సగటు వేగం సెకనుకు 18.9 మీటర్లు. పైకి చేరి ఆగి తిరిగే క్షణంలో దాని మీద పడే త్వరణం, కనెక్టింగ్ రాడ్ వంపు కూడా కలుపుకుంటే, భూమ్యాకర్షణకి సుమారు 3,000 రెట్లు. పిస్టన్, రింగులు, గజన్ పిన్ (పిస్టన్‌ని రాడ్‌కి కలిపే పిన్) కలిపి 300 గ్రాములుంటే ఆ క్షణంలో రాడ్‌ని లాగే బలం 900 కిలోల పైమాటే. అదే 6,000 ఆర్‌పీఎం దగ్గర 580 కిలోలు. 1,500 ఆర్‌పీఎం పెంచినందుకు ఒకటిన్నర రెట్లు దాటింది, ఎందుకంటే ఈ బలం వేగానికి వర్గంలో పెరుగుతుంది.

పొగ బయటికి పోయే స్ట్రోకు చివర్లో ఈ లాగుడు అన్నిటికంటే ప్రమాదం. అప్పుడు పిస్టన్ తల మీద అదిమి పెట్టడానికి గ్యాస్ ఒత్తిడి కూడా ఉండదు. పిన్ పట్టుకునే బాస్‌లే మొత్తం మోయాలి.

మండేటప్పుడు ఇంకో రకం బరువు. 80 బార్ ఒత్తిడి వచ్చిందనుకుంటే 74 మి.మీ. బోరులో పిస్టన్ తల మీద పడేది మూడున్నర టన్నులు. ఆ తల అప్పటికి 250 నుంచి 300 డిగ్రీల వేడిలో ఉంటుంది. అల్యూమినియం మిశ్రమాలు 550 డిగ్రీల చుట్టుపక్కలే కరగడం మొదలెడతాయి. వాటి బలం 200 దాటిన దగ్గర్నుంచే జారిపోతూ ఉంటుంది. చల్లగా ఉన్నప్పటి బలం అంకె ఎంత గొప్పగా ఉన్నా ఇక్కడ పనికిరాదు. వేడిలో ఎంత మిగిలిందో అదే లెక్క.

ఇంత వేడిలో కూడా అల్యూమినియమే ఎందుకంటే బరువు తక్కువ, వేడిని తొందరగా పక్కకి పంపిస్తుంది. ఇనుముతో పోలిస్తే బరువు మూడో వంతు చిల్లర. తర్వాత బెంట్లీ కార్ల కంపెనీ పెట్టిన డబ్ల్యూ.ఓ. బెంట్లీ ఈ సంగతి చాలా ముందే పట్టుకున్నారు. 1913లో ఫ్రాన్స్‌లో డీఎఫ్‌పీ కార్ల ఫ్యాక్టరీలో అల్యూమినియం పేపర్ వెయిట్ ఒకటి చూసి, 88 శాతం అల్యూమినియం, 12 శాతం రాగి కలిపి పిస్టన్లు పోయించారు. అప్పటికి ఇనుప పిస్టన్లదే రాజ్యం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన విమాన ఇంజన్లలోకీ అదే ఆలోచన వెళ్లింది. నేను ఇవాళ కూర్చుని లెక్కేస్తున్న ప్రశ్నకి వయసు నూరేళ్లు దాటిందన్నమాట.

మే నెల: బాబాయ్ మొదటి ప్రశ్న

బోరింగ్ చేసేది రింగ్ రోడ్డు వైపు ఉన్న లేత్ షాపులో. ఆయన్ని ఊళ్లో అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. నలభై ఏళ్లకు పైగా లారీలు, జీపులు, నూనె మిల్లు ఇంజన్లు బోరు కొట్టిన చెయ్యి. ఫోర్జ్‌డ్ పిస్టన్లు (పోత పోయకుండా, వేడి లోహాన్ని గట్టిగా అదిమి చేసినవి) వేద్దామనుకుంటున్నానని చెప్పాను. పేరు, ధర, ఏవీ అడగలేదు.

"అది సరే గానీ బాబూ, గ్యాప్ ఎంతియ్యమంటావో అది సెప్పు ముందు. మరీ లూజుగా ఇచ్చీమంటే పొద్దున్నే స్టార్ట్ సేసినప్పుడు టకటకమని కొట్టుకుంటాది. టైటుగా ఇచ్చీమంటే మధుర్వాడ సేరకుండానే పట్టీసుకుంటాది" అన్నారు.

గ్యాప్ అంటే పిస్టన్‌కీ లైనర్‌కీ మధ్య వదిలే ఖాళీ. మొత్తం వ్యవహారమంతా ఈ రెండు మాటల మధ్యే ఉంది. ఇంటికొచ్చి ఆ రాత్రే లెక్క వేశాను.

పిస్టన్ లోహాలు ఒక్కొక్కటీ వేడికి ఒక్కో రకంగా వ్యాకోచిస్తాయి. మీటరు పొడవుకి, ఒక్క డిగ్రీకి 2618 అనే ఫోర్జింగ్ మిశ్రమం 22 మైక్రాన్ల పైచిలుకు పెరుగుతుంది. 4032 పంతొమ్మిదిన్నర. సిలికాన్ బాగా ఎక్కువ కలిపిన పోత పిస్టన్లు పదిహేడు, పద్దెనిమిది. లైనర్ ఇనుము పదకొండు. పాత లైనర్ మీద గీత పడింది కాబట్టి 0.50 ఓవర్‌సైజుకి, అంటే 74.5 మి.మీ.కి పోవాలి. చల్లటి ఇంజన్ నుంచి నడిచే ఇంజన్‌కి స్కర్ట్ (రింగుల కింద ఉండే పిస్టన్ గోడ) దగ్గర 80 డిగ్రీలు పెరిగిందనుకుంటే 2618 పిస్టన్ 133 మైక్రాన్లు లావెక్కుతుంది, 4032 పిస్టన్ 116, సిలికాన్ పోత పిస్టన్ 104. లైనర్ కూడా 66 మైక్రాన్లు వెడల్పవుతుంది. మిగిలే తేడా 2618కి 67, 4032కి 50, పోతకి 39 మైక్రాన్లు. చల్లగా ఉన్నప్పుడు అంత ఖాళీ ముందే ఇవ్వాలి, ఆపైన ఆయిల్ పొరకి కాస్త.

లైనర్ చుట్టూ ఉన్న బ్లాకు అల్యూమినియం కాబట్టి అది లైనర్‌ని ఇంకాస్త బయటికి లాగుతుంది. అది మనకి కలిసొచ్చేదే. అందుకే లెక్కలోకి తీసుకోలేదు.

మర్నాడు ఈ అంకెలు చూపిస్తే బాబాయ్ చాలాసేపు కాగితం పట్టుకుని ఉండిపోయారు. "లారీ పిస్టన్లకి మేమిచ్చే గ్యాప్ కూడా ఇదే లెక్కలో వస్తాది. మాకు సేతికి తెలుసు, నువ్వు కాయితం మీద ఎక్కించీసేవు" అన్నారు. ఆ మాటకి నాకు చాలా సంతోషమేసింది.

మే చివర: పాత పిస్టన్‌ని కోసి చూశాం

విరిగిన పిస్టన్‌ని నిలువునా కోశాం. ఒక సగాన్ని ఎమరీ కాగితాల మీద వరసగా రుద్ది, చివర్లో మెటల్ పాలిష్‌తో అద్దంలా తీసుకొచ్చాడు మా పాలిటెక్నిక్ కుర్రాడు. కాలేజీలో లోహాల మైక్రోస్కోపు ఉంది, మాస్టారు అనుమతిచ్చారు. సిలికాన్ కనబడడానికి యాసిడ్ కూడా అక్కర్లేదు. పాలిష్ సరిగ్గా దిగితే తెల్లటి అల్యూమినియంలో బూడిద రంగు ముక్కలు అవంతట అవే తేలతాయి. సూదుల్లా సన్నగా ఉన్నవి వేలకొద్దీ. వాటి మధ్య అక్కడక్కడా మూలలు తేలిన పెద్ద ముక్కలు, పాకంలో పల్లీ పలుకుల్లా. విరిగిన గట్టు అంచు వెంబడి చూస్తే పగులు ఆ పెద్ద ముక్కల పక్కనుంచే దారి చేసుకుంటూ పోయింది.

అల్యూమినియంలో సిలికాన్ 12, 13 శాతం మధ్య ఉంటే మొత్తం ఒకేసారి గట్టిపడుతుంది. అంతకంటే ఎక్కువ కలిపితే ముందు సిలికాన్ ముక్కలు విడిగా పుట్టి, తర్వాత మిగతాది గడ్డకడుతుంది. ఆ ముక్కలు రాయంత గట్టివి, అందుకే పిస్టన్ అరగదు, వేడికి ఎక్కువ వ్యాకోచించదు. కంపెనీ కార్లకి ఇంతకంటే మంచిది లేదు. గ్యాప్ తక్కువ పెట్టొచ్చు, చప్పుడుండదు, లక్షల కిలోమీటర్లు నడుస్తుంది. దెబ్బ తగిలినప్పుడే దాని బలహీనత బయటపడుతుంది.

బాబాయ్ షాపులో పనిచేసే ఒకాయనది శ్రీకాకుళం జిల్లా సరవకోట మండలం బుడితి. వాళ్లింట్లో తరతరాలుగా ఇత్తడి, కంచు పోత పని. ఫోన్‌లో ఈ ఫొటో చూపించగానే, "నిదానంగా సల్లారిపోనాది. అందుకే గింజ పెద్దదైపోనాది" అన్నాడు. అల్యూమినియం ఆయన చేసే లోహం కాదు, అయినా చూసింది చూసినట్టు చెప్పేశాడు. ఫౌండ్రీల్లో ఈ గింజని చిన్నది చెయ్యడానికే పెద్ద ముక్కలకి భాస్వరం, సన్న సూదులకి సోడియం గానీ స్ట్రాన్షియం గానీ చిటికెడు కలుపుతారు.

ఇక్కడికి ఒకటి తేలిపోయింది. సర్క్యూట్‌కి వెళ్లే ఇంజన్‌లోకి పోత పిస్టన్ వద్దు. ఫోర్జ్‌డే. మిగిలింది 4032నా, 2618నా.

జూన్: పెట్టెల్లేని రెండు పిస్టన్లు

వైజాగ్ ఆటోనగర్‌లో టర్బో ఇంజన్లు కట్టే స్నేహితుడొకడు పాత ఫోర్జ్‌డ్ పిస్టన్లు రెండిచ్చాడు. రెండూ 81 మి.మీ.వే. ఒకటి 4032, ఒకటి 2618 అని వాడికి గుర్తుంది, ఏది ఏదో గుర్తు లేదు. పెట్టెలు పోయాయి, పైన అచ్చు కూడా లేదు. చూపుకి రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

కనుక్కునే దారి సులువే. 2618 సాంద్రత 2.76, 4032 సాంద్రత 2.68. తేడా మూడు శాతమే, అయినా మంచి కాటాకి అది చాలా ఎక్కువ. తెలిసిన బంగారం కొట్టాయన్ని అడిగి, పదో వంతు గ్రాము చూపించే కాటా తెచ్చాం. ముందు పిస్టన్‌ని పొడిగా తూచాలి. తర్వాత కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి జీరో చేసి, దారంతో పిస్టన్‌ని గిన్నె అడుక్కి తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోవాలి. అప్పుడు కాటా చూపించేది పిస్టన్ తోసేసిన నీటి బరువు. రింగులు కూర్చునే గాళ్లలో, ఆయిల్ రంధ్రాల్లో గాలి బుడగలు దాక్కుంటాయి, అవుంటే అంకె తప్పొస్తుంది. నీళ్లలో రెండు చుక్కలు డిష్‌వాష్ లిక్విడ్ వేసి, పిస్టన్‌ని లోపలే తిప్పి, ఆ బుడగలన్నీ పోయాకే చూశాం.

మొదటిది పొడిగా 292.4 గ్రాములు, నీళ్లలో ముంచితే కాటా 105.5 చూపించింది. 30 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత 0.996 కాబట్టి ఘనపరిమాణం 105.9 సీసీ. భాగిస్తే 2.76. రెండోది 284.6 గ్రాములు, ముంచితే 105.7, సాంద్రత 2.68. ఇంత శుభ్రంగా వస్తుందని నేను కూడా అనుకోలేదు. మార్కర్‌తో రెండింటి మీదా పేర్లు రాసేశాం.

తర్వాత రెండింటినీ మరిగే నీళ్లలో బాగా నాననిచ్చి, ఒక్కొక్కటే పైకి తీసి, తుడిచి, మైక్రోమీటర్ పెట్టాం. 30 నుంచి 100 డిగ్రీలకి 81 మి.మీ. పిస్టన్ 2618 అయితే 126 మైక్రాన్లు, 4032 అయితే 110 పెరగాలి. మాకు రెండూ కాస్త తక్కువే కనిపించాయి, బయటికి తీసిన క్షణం నుంచే చల్లారిపోతుంది కాబట్టి. కానీ ఎన్నిసార్లు చేసినా 2618దే పైచేయి, తేడా కూడా లెక్కకి దగ్గర్లోనే ఉంది. పుస్తకంలో అంకెని చేత్తో పట్టుకుని చూడడం వేరు. మా కుర్రాడికి వ్యాకోచం పాఠం ఇక జన్మలో మర్చిపోవడం కుదరదు.

ఆకురాయితో కూడా తేడా తెలుస్తుంది. 4032లో 12 శాతం దాకా సిలికాన్ ఉంటుంది, ఆకురాయి కింద కాస్త గరగరమంటుంది. 2618లో సిలికాన్ లేనట్టే. రాగి రెండు శాతం పైన, మెగ్నీషియం ఒకటిన్నర, ఇనుము, నికెల్ ఒక్కో శాతం. మెత్తగా, జిగటగా తెగుతుంది. దెబ్బ పడితే విరక్కుండా అణిగేది ఆ గుణం వల్లే. ఆ గుణం వల్లే రింగు గాళ్లు తొందరగా అరుగుతాయి కూడా.

జూలై: తోవలో వచ్చిన మిగతా లోహాలు

మా కుర్రాడు అడిగాడు: "మాస్టారూ, 7075 అల్యూమినియం అన్నిటికంటే స్ట్రాంగ్ కదా, బిల్లెట్ దిమ్మ తెప్పించి సీఎన్‌సీలో కోయించేద్దామా?" మంచి ప్రశ్న, చాలామందికి వచ్చేదే. గది వేడిమిలో 7075 బలం 570 మెగాపాస్కల్స్, 2618ది 440. కానీ 7075కి ఆ బలం జింక్, మెగ్నీషియం సన్నటి రేణువుల వల్ల వస్తుంది. 200 డిగ్రీల దగ్గర ఎక్కువసేపు ఉంచితే ఆ రేణువులు ముద్దకట్టి బలంలో నాలుగో వంతు కూడా మిగలదు. విమానం రెక్కకి బంగారం, పిస్టన్‌కి పనికిరాదు.

2618 పుట్టిందే వేడి కోసం. దాని మూలం బ్రిటన్‌లో రోల్స్ రాయిస్ వాళ్ల ఆర్ఆర్58. ధ్వనిని మించిన వేగంతో ఎగిరినప్పుడు గాలి రాపిడికి వేడెక్కే కాంకార్డ్ విమానానికి పైతొడుగు ఆ లోహమే. అంతకుముందు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ తయారుచేసిన వై అల్లాయ్ ఉంది. నాలుగు శాతం రాగి, రెండు శాతం నికెల్, ఒకటిన్నర శాతం మెగ్నీషియం. ఆ కుటుంబం పోలికలు ఇప్పటికీ 2618లో కనబడతాయి.

స్టీలు డీజిల్‌కి. మెర్సిడెస్ బెంజ్ 2014లో కారు డీజిల్ వీ6లోకి స్టీలు పిస్టన్లు తెచ్చింది. బలంగా ఉంటుంది కాబట్టి పలచగా, పొట్టిగా చెయ్యొచ్చు, వ్యాకోచం లైనర్‌తో సమానంగా ఉంటుంది. 7,500 తిరిగే చిన్న పెట్రోల్ ఇంజన్‌లో ఆ బరువు నాకొద్దు. టైటానియం వేడిని దాదాపు పంపించదు. అల్యూమినియం మిశ్రమాలు 140, 150 వాట్ల లెక్కలో పంపిస్తే, మామూలు టైటానియం మిశ్రమం ఏడు. తల ఎర్రగా కాలిపోతుంది.

ఫార్ములా వన్‌లో 1990ల చివర బెరీలియం కలిపిన అల్యూమినియం పిస్టన్లు వాడారు. తేలిక, గట్టి, వేడికీ ఓర్చుకునేది. దాని దుమ్ము ఊపిరితిత్తులకి విషం. ఆ పోటీలకి నియమాలు పెట్టే ఎఫ్ఐఏ 2001 సీజన్ నుంచి ఆ తరహా లోహాలకి తలుపు మూసేసింది. నాకది సరైన నిర్ణయం అనిపిస్తుంది. కోసే మనిషి ఊపిరి కంటే ఏ ఇంజనూ ఎక్కువ కాదు.

2020లో పోర్షే, పిస్టన్లు చేసే మాలే, లేజర్ యంత్రాలు చేసే ట్రంఫ్ కలిసి 911 జీటీ2 ఆర్ఎస్ ఇంజన్‌కి అల్యూమినియం పొడిని లేజర్‌తో పొరలుపొరలుగా కరిగించి పిస్టన్లు చేశాయి. ఫోర్జ్‌డ్ వాటికంటే పది శాతం తేలిక. తల లోపలే ఆయిల్ తిరిగే కాలువ, దాంతో 700 హార్స్ పవర్ ఇంజన్‌లో ఇంకో 30 దాకా తీయొచ్చన్నారు. మన చేతికి ఎప్పుడందుతుందో గానీ, లోహం సంగతి ఇకమీదట ఆకారం సంగతి కూడా అయిపోయింది.

జూలై చివర: తేల్చేశాం

4032.

వైజాగ్ స్నేహితుడు ఒప్పుకోలేదు. "ఒకసారి లీన్ అయ్యి నాకింగ్ వస్తే 2618 నిన్ను ఇంటికి తీసుకొస్తుంది రా, 4032 రాదు" అన్నాడు. లీన్ అంటే మిశ్రమంలో పెట్రోల్ తగ్గడం, నాకింగ్ అంటే డిటోనేషనే. వాడి ఇంజన్లకి వాడన్నది అక్షరాలా నిజం. టర్బో వేసి ఒత్తిడి పెంచినప్పుడు, ఒక్క ఇంజెక్టర్ మూసుకుపోయినా డిటోనేషన్ వస్తుంది. అక్కడ అణిగే లోహమే ప్రాణం కాపాడుతుంది. ఆ ఇంజన్లు ఎలాగూ ఒకటి రెండు సీజన్లకే విప్పుతారు, గాళ్లు అరిగాయా లేదా అప్పుడే చూసుకుంటారు. నేను టర్బో వేసేవాణ్ణయితే ఇంకో ఆలోచన లేకుండా 2618 వేసేవాణ్ణి.

మన ఇంజన్ పొద్దున్నే చల్లగా స్టార్టై, ఊళ్లో నాలుగు కిలోమీటర్లు పోయి ఆగిపోతుంది. మూడు లాంతర్ల దగ్గర ట్రాఫిక్‌లో నిలబడుతుంది. ఇలాంటి రోజుల్లో పిస్టన్ పూర్తిగా వేడెక్కి తన కొలతకి వచ్చేలోపే ప్రయాణం అయిపోతుంది. ఎక్కువ గ్యాప్‌తో కట్టిన 2618 ఆ నిమిషాలన్నీ లైనర్ గోడకి గోడకి ఊగుతూనే ఉంటుంది. స్కర్ట్ అరుగుతుంది, రింగులు నిటారుగా కూర్చోవు, ఆయిల్ తాగుతుంది. 17 మైక్రాన్ల తేడా చిన్నదనిపిస్తుంది గానీ, వేలసార్లు చల్లటి స్టార్టుల్లో అదే ఇంజన్ ఆయుష్షు. డిటోనేషన్ నుంచి 4032ని కాపాడే బాధ్యత ఇగ్నిషన్ ట్యూనింగ్‌ది, పెట్రోల్‌ది, నాది. ఆ బాధ్యత తీసుకోవడానికి సిద్ధంగానే ఉన్నాను.

స్కర్ట్ మీద గ్రాఫైట్ కోటింగ్, మొదటి రింగు గాడికి హార్డ్ అనోడైజింగ్ అడిగాను. ఆ గాడి అరగడం, వేడికి రింగు దానికి అంటుకోవడం, రెండూ దీంతో తగ్గుతాయి. తల మీద సెరామిక్ కోటింగ్ వద్దన్నాను, ఈ ఇంజన్‌కి అది అనవసరపు ఖర్చు.

సెప్టెంబరు: పిస్టన్లు వచ్చాయి, కొలతలు

నాలుగింటినీ తూచాం. ఒకదానికీ ఇంకోదానికీ ఒక గ్రాము లోపే తేడా. పాత పోత పిస్టన్ల కంటే 20 గ్రాములకు పైగా తేలిక. 7,500 దగ్గర ఆ 20 గ్రాముల వల్ల ఒక్కో రాడ్ మీద 60 కిలోల లాగుడు తగ్గుతుంది.

పిస్టన్ గుండ్రంగా ఉండదు, ఇది చాలామందికి తెలియదు. పిన్ దిక్కున లోహం ఎక్కువ, వేడికి ఆ దిక్కునే ఎక్కువ పెరుగుతుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు ఆ దిక్కున సన్నగా, కోడిగుడ్డు వాటంగా చేస్తారు. నిలువునా కూడా పైన సన్నం. అందుకే తయారీదారు చెప్పిన ఎత్తులో, పిన్‌కి అడ్డంగా మాత్రమే కొలవాలి. వేరే ఎక్కడ కొలిచినా ఆ అంకెకి అర్థం లేదు.

కొలిచే వేళ కూడా ముఖ్యం. పుస్తకాల్లో అంకెలన్నీ 20 డిగ్రీల లెక్క. మన దగ్గర మధ్యాహ్నం షెడ్డులో 35. ఆ 15 డిగ్రీలకి పిస్టన్ లైనర్ కంటే ఎక్కువ పెరుగుతుంది, గ్యాప్ 9 మైక్రాన్లు తక్కువగా కనబడుతుంది. మనం పోరాడుతున్నదే 17 మైక్రాన్ల మీద, అందులో సగం ఎండ తినేస్తే ఎలా? బ్లాకుని, పిస్టన్లని, మైక్రోమీటర్‌ని, బోర్ గేజ్‌ని రాత్రంతా బాబాయ్ షాపులో ఒకే బల్ల మీద ఉంచి, తెల్లవారుజామున తలుపులు తెరవకుండా కొలిచాం. 26 డిగ్రీలుంది. మిగిలిన ఆరు డిగ్రీలకి దిద్దుబాటు వేసుకున్నాం.

హోనింగ్ (లైనర్ లోపల సన్నగా రుద్ది కొలతకి తేవడం) చేసేటప్పుడు హెడ్ స్థానంలో మందపాటి ఇనుప పలక బిగించి, హెడ్ బోల్టులకిచ్చే టార్క్ ఇచ్చి అప్పుడు చేశారు. బోల్టులు బిగిస్తే లైనర్ పైభాగం కొద్దిగా వంకరపోతుంది. ఆ వంకరలోనే గుండ్రంగా చెక్కితే రేపు హెడ్ బిగించాక గుండ్రంగా ఉంటుంది. ఆ పలక కోసం బాబాయ్ పాత మందపాటి ఇనుప పలక వెతికి, తనే కోసి, రంధ్రాలు పొడిచారు. డబ్బులు తీసుకోలేదు.

ఆఖరి గ్యాప్ నాలుగు సిలిండర్లలో 54 నుంచి 57 మైక్రాన్లు. "ఇది కొట్టుకోదు" అన్నారు బాబాయ్, గేజ్ పక్కన పెడుతూ.

దసరా ముందు: రింగులు, మైనం, బిగింపు

మొదటి రింగు చివరల మధ్య ఖాళీ 0.33 మి.మీ., రెండోదానికి 0.38. ఇది టైటుగా ఉంటే వేడికి చివరలు రెండూ కలిసి తోసుకుంటాయి, అప్పుడు కూడా విరిగేది ఆ గట్టే. ఒక్కొక్క రింగునీ దాని సిలిండర్‌లోనే పెట్టి, ఆకురాయితో లోపలి దిక్కుకే రుద్దుతూ సరిచేశాం.

పిస్టన్ తల మీద మైనం ముద్ద పెట్టి, హెడ్ బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి విప్పాం. వాల్వులు నొక్కిన చోట మైనం మందం ఇన్‌టేక్ దగ్గర 2 మి.మీ. దాటింది, ఎగ్జాస్ట్ దగ్గర రెండున్నర దాటింది. చాలు.

74.5 బోరుతో ఇంజన్ 1316 సీసీ అయింది. ఒక్కో సిలిండర్ 329 సీసీ. 10.5 కంప్రెషన్ రావాలంటే పైన మిగిలే ఖాళీ 34.6 సీసీ ఉండాలి. బ్యూరెట్‌తో హెడ్‌లో కిరోసిన్ పోసి కొలిస్తే, గాస్కెట్ మందం, పిస్టన్ తల ఆకారం కలుపుకుని 34.8 వచ్చింది. దాన్ని ముట్టుకోలేదు.

దసరా తర్వాత

స్టార్ట్ చేశాం. మొదటి నిమిషంలో అందరం చెవులు దాని మీదే పెట్టాం. సన్నటి టిక్ టిక్ ఉంది, నీళ్లు 60 డిగ్రీలు దాటేసరికి పోయింది. వైజాగ్ వాడి 2618 ఇంజన్ ఇంకా చాలాసేపు వినబడుతుంది. ఫోన్‌లో వినిపించాను, ఒప్పుకున్నాడు.

రన్నింగ్-ఇన్ మినరల్ ఆయిల్‌తో. నెల్లిమర్ల రోడ్డు మీద థర్డ్ గేర్‌లో కాసేపు గట్టిగా లాగించడం, వెంటనే యాక్సిలరేటర్ వదిలేసి ఇంజన్‌తోనే కారుని ఆపడం. రింగులు కూర్చునేది ఆ ఒత్తిడిలోనే, నిదానంగా తిప్పితే కూర్చోవు. ఆ తర్వాత ఆయిల్ మార్చి, ఫిల్టర్ కోసి విప్పి చూశాం. హోనింగ్ నుంచి వచ్చిన సన్నటి బూడిద పొడి తప్ప మెరిసే రేణువులు లేవు. లీక్‌డౌన్ టెస్టులో (సిలిండర్‌లోకి గాలి పంపి ఎంత కారిపోతుందో చూడడం) నాలుగు సిలిండర్లూ 6, 7 శాతం మధ్య. ప్లగ్ రంధ్రంలోంచి ఫోన్ కెమెరా వైరు దింపి చూస్తే లైనర్ మీద హోనింగ్ గీతలు ఇంకా స్పష్టంగానే ఉన్నాయి, నిలువు గీత ఒక్కటీ లేదు.

ప్లగ్ పింగాణీ మీద మాత్రం సన్నటి నల్ల చుక్కలు వెతుకుతూనే ఉన్నాను. అల్యూమినియం మెరుపు గానీ, నలుపు గానీ కనబడితే డిటోనేషన్ మొదలైనట్టే. 5,500 దాకా శుభ్రంగా ఉంది. ఇగ్నిషన్ మ్యాప్‌లో 6,000 పైన స్పార్క్ ముందుగా పడే కోణాన్ని రెండు డిగ్రీలు తగ్గించి పెట్టాను. వేడి రోజు చూసుకుని, ఒక్కో డిగ్రీ వెనక్కి ఇస్తూ చూడాలి. సిరిమాను పండగకి బాబాయ్ షాపు మూసేస్తారు. తెరిచాక వాల్వ్ కవర్ గాస్కెట్ మార్చి, 6,500 దాకా తిప్పుతాం.